ఆ పావుగంట ఎవరిది?

మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఫ్లాట్లున్నాయి. పన్నెండింటిలోనూ యోగా చాపలున్నాయి. అయితే నాకు తెలిసినంతవరకూ వాటిల్లో మూడే యోగాకి పనికొస్తున్నాయి. మిగతావి ఏమయ్యాయంటారా? ఒకటి బీరువా వెనక నిలబడి తపస్సు చేసుకుంటోంది. ఒకటి మనవడు పాకడానికి హాల్లో పరిచారు. ఎదురింటావిడ తన చాప మీద పాత చీర పరిచి, మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టుకుంది. "వృథాగా పడి ఉండడం దేనికండీ? జారదు, గాలికి ఎగరదు" అంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వడియాలు బ్రహ్మాండంగా ఎండాయి.

ఈ చాపలన్నిటికీ ఏడాదికి రెండు పండగలు. ఒకటి జనవరి ఒకటో తారీకు. రెండోది జూన్ 21. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ఆ తేదీని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. 2015 నుంచీ ఆ రోజున ఊరూరా మైదానాల్లో జనం బారులు తీరి చేతులెత్తుతున్నారు. మేమూ ఎత్తాం, మా అపార్ట్‌మెంట్ కింద కార్లు పక్కకి తీయించి. మొదటిరోజు పదిహేనుమందిమి. జూలై ఒకటికి ఏడుగురం. శ్రావణమాసం నోముల హడావుడి మొదలయ్యేసరికి ముగ్గురం మిగిలాం.

"ఎందుకు మానేశారండీ?" అని ఒక్కొక్కరినే అడిగి చూశాను. నవలలు రాసుకునేదాన్ని కనక ఇలాంటి ఆరాలు తీసే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందని నా నమ్మకం. అందరూ నవ్వుతూ ఒకటే జవాబు చెప్పారు: "బద్ధకమండీ!"

నేను మాత్రం ఈ జవాబు ఒప్పుకోను. ఇరవై రెండేళ్లుగా తెల్లవారకముందే లేచి, గుమ్మం ముందు ముగ్గేసి, రాత్రి పెట్టిన పెరుగు తోడుకుందో లేదో చూసి, కాలేజీకెళ్లే పిల్లకీ ఆఫీసుకెళ్లే మొగుడికీ వేర్వేరు క్యారియర్లు సర్దే మనిషికి బద్ధకమా? జ్వరం కాసిన రోజున కూడా "చారన్నా పెట్టి పడుకుంటాను" అని లేచే మనిషికి క్రమశిక్షణ లేదా? యోగా పుస్తకాలు మనకి క్రమశిక్షణ నేర్పనక్కర్లేదు. కావాలంటే ఆ పుస్తకాలు రాసేవాళ్లే ఒక వారం మన వంటింట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

మరి చిక్కెక్కడుంది? ముగ్గు ఇంటిది. పెరుగు ఇంటిది. క్యారియర్లు ఇంట్లోవాళ్లవి. చాప మీద గడిపే పావుగంట ఒక్కటే ఆవిడది. ఇంటిపని ఒకపూట ఆగితే "ఏమైంది?" అని అడిగేవాళ్లు నలుగురుంటారు. ఆవిడ పని ఆగిపోతే అడిగే నాథుడుండడు. అందుకని ఇంట్లో ఏ అవసరం వచ్చినా మొదట కోతపడేది దానికే. చుట్టాలొచ్చారు, కోత. పరీక్షలొచ్చాయి, కోత. పనిమనిషి రాలేదు, కోత. కరెంటు కోతకైనా వేళాపాళా ఉంటుంది గానీ దీనికి లేదు.

ఇది నా ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వ గణాంకశాఖవారు 2024లో జనం రోజంతా ఏయే పనులకి ఎంత సేపు వెచ్చిస్తున్నారో సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతంలేని ఆ పనికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ కనిపెట్టి చూసుకునే లెక్క వేరే ఉంది, అది ఇందులో కలపలేదు. అంటే మొత్తం అయిదు గంటలకి కాస్త తక్కువ. ఇంత ఇస్తున్న ఇంటిని మనం తిరిగి అడిగేది పదిహేను నిమిషాలు. వడ్డీ కూడా కాదు.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. అందుకని దేని వెనకాలైనా చరిత్ర తవ్వకపోతే నాకు తోచదు. యోగా ఆడవాళ్లకి వడ్డించిన విస్తరి కాదు. రష్యన్ తల్లికి పుట్టిన ఇంద్రాదేవి అనే ఆవిడ 1930ల చివర్లో మైసూరు వెళ్లి, పేరుమోసిన యోగాచార్యులు తిరుమలై కృష్ణమాచార్యులవారి దగ్గర నేర్చుకుంటానంటే ఆయన ముందు ఒప్పుకోలేదు. మహారాజావారు చెప్పాక చేర్చుకున్నారు. చేర్చుకున్నాక మాత్రం శ్రద్ధగా నేర్పారు. ఆవిడ తరవాత హాలీవుడ్‌లో యోగశాల పెట్టింది. నూట రెండేళ్లు బతికి 2002లో పోయింది. ఆవిడ మైసూరు వెళ్లడానికి ముందే, బొంబాయిలో సీతాదేవి యోగేంద్ర ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా యోగా మీద పుస్తకం రాసింది, 1934లో. తరవాతి తరంలో పూణే నుంచి గీతా అయ్యంగార్ ఆడవాళ్ల శరీరంలో వచ్చే మార్పులన్నిటినీ దృష్టిలో పెట్టుకుని మరో పెద్ద పుస్తకం రాసింది. వీళ్లంతా బడి తలుపు తెరిపించారు. ఇక తెరుచుకోవలసింది మన పడగ్గది తలుపు. నిజానికి తెరుచుకోవలసింది కాదు, ఓ పావుగంట మూసుకోవలసింది!

సరే, ఉపన్యాసం చాలించి అసలు సంగతికి వస్తాను. రోజూ గంటలకి గంటలు కుర్చీలో కూర్చుని రాయడంవల్ల నాకు నడుం పట్టేసేది. డాక్టరుగారి సలహా మీద మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నాకు నిలిచినవీ, మా ముగ్గురిలో తక్కిన ఇద్దరికీ నిలిచినవీ చెబుతాను.

మొదటిది వేళ. "రేపట్నుంచి అయిదింటికి లేస్తాను" అన్న ప్రతిజ్ఞ వద్దు. గడియారాన్ని నమ్ముకుంటే ఒకరోజు అయిదవుతుంది, ఒకరోజు అయిదున్నర. రోజూ తప్పకుండా చేసే పని ఒకటి చూసుకుని దాని కొంగుకి యోగాని ముడెయ్యండి. మా ఇంట్లో ఫిల్టర్ కాఫీ. పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, స్టవ్ ఆర్పేసి, మూత పెట్టానంటే డికాషన్ దిగడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట నాది. తొందరపెట్టినా డికాషన్ దిగదు కనక ఎవరూ నన్ను తొందరపెట్టలేరు. పైగా కడుపు ఖాళీగా ఉంటుంది, ఆసనాలకి కావలసిందీ అదే. మీరు టీ తాగేవాళ్లయితే, మోటారు వేశాక ట్యాంకు నిండేవరకూ చేసుకోండి. పొద్దున్న బొత్తిగా కుదరనివాళ్లు సాయంత్రం పప్పు నానబెట్టి చేసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనానికీ దీనికీ మధ్య మూడు నాలుగు గంటలు గడిస్తే చాలు. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం చాప మీదికి వెళ్లకండి. ధ్యాసంతా పాల మీదే ఉంటుంది, పాలూ పొంగుతాయి.

రెండోది చోటు. చాప చుట్టి బీరువా వెనక పెట్టారంటే దానికి నీళ్లొదులుకున్నట్టే. కంటికి కనిపించేచోట, చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి. నాది పడగ్గదిలో మంచానికీ గోడకీ మధ్య పరిచే ఉంటుంది. కాళ్లు కిందపెడితే చాప మీదే పడతాయి. చీరకట్టుతో వంగడం కష్టమని మానేసినవాళ్లని చూశాను. రాత్రి నైటీ బదులు పంజాబీ డ్రెస్సు వేసుకుని పడుకుంటే పొద్దున్న ఆ అడ్డూ ఉండదు.

మూడోది మోతాదు. మొదటి వారమే శీర్షాసనం మీద మోజు పడేవాళ్లు రెండోవారం మోకాలికి కాపడం పెట్టుకుంటూ కనిపిస్తారు. నావి అయిదే. నిలబడి చేతులు పైకి సాగదీసే తాడాసనం. చేతులూ మోకాళ్లూ నేలకి ఆన్చి, పిల్లిలా వీపు ఎత్తి దించడం. బోర్లా పడుకుని ఛాతీ ఎత్తే భుజంగాసనం. వెల్లకిలా పడుకుని నడుం ఎత్తే సేతుబంధాసనం. చివర శవాసనం. ఒక్కొక్కదాంట్లో అయిదారు శ్వాసలు, మళ్లీ ఒకసారి. ఆరు నెలలపాటు వీటి వరస మార్చలేదు. రోజూ "ఇవాళ ఏం చెయ్యాలి?" అని ఆలోచించే బాధ మనకి వంటింట్లో ఎలాగూ ఉంది. ఇక్కడ కూడా ఎందుకు?

మొదటి నెలైనా మనిషి దగ్గరే నేర్చుకోండి. ఫోన్లో ఆసనాలు వేసి చూపించే అమ్మాయికి పాతికేళ్లు, వెన్నెముక రబ్బరుది. మనం ఆ అమ్మాయిని చూస్తున్నాం గానీ ఆ అమ్మాయి మన మోకాలిని చూడడం లేదు. బీపీ ఎక్కువున్నవాళ్లు, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాల జోలికి వెళ్లకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లు మరీ ముందుకి వంగడం, గట్టిగా మెలితిరగడం తగ్గించాలి. గర్భిణులూ, ఆపరేషన్ అయినవాళ్లూ డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. నొప్పి పుడితే ఆగిపోవడం పిరికితనం కాదు, అదీ యోగాలో భాగమే.

నాలుగోది తప్పిపోయిన రోజుల సంగతి. మన ఆడవాళ్లలో ఒక గుణం ఉంది. నోములో ఒక వారం తప్పితే ఉద్యాపన చెడిందని బెంగపడతాం. అదే బెంగ ఇక్కడా పెట్టుకుని "నాలుగు రోజులు తప్పింది, ఇంకెందుకులే" అని చాప చుట్టేస్తాం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలూ ఆవిడ సహచరులూ 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 96 మందిని తీసుకుని, ఒక్కొక్కళ్లూ ఒక చిన్న అలవాటు ఎంచుకుని, రోజూ చేసే ఏదో ఒక పని వెంటే దాన్నీ చేయమన్నారు. అచ్చం మన డికాషన్ పద్ధతే అన్నమాట! పన్నెండు వారాలు చూశారు. అలవాటు దానంతటదిగా సాగడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి. కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మి నిరుత్సాహపడకండి. ఇంకో మంచిమాట కూడా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు.

కాబట్టి పెళ్లిళ్లూ ప్రయాణాలూ వచ్చిన రోజులకి ఒక చిన్న మోతాదు దాచుకోండి. రెండు నిమిషాలు. పిల్లిలాగా అయిదుసార్లు వీపు ఎత్తి దించడం, ఒక నిమిషం కళ్లు మూసుకుని ఊపిరి గమనించడం. కిందటేడు మా బంధువుల పెళ్లికి వెళ్లి, కల్యాణమండపంలో పన్నెండుమంది పడుకున్న గదిలో సూట్‌కేసుల మధ్య నేను చేసిందదే. నెలసరి రోజుల్లో ఒంటికి హాయిగా ఉన్నదేదో అదే చెయ్యండి, లేదా వట్టి శవాసనం వెయ్యండి. చాపతో మాట పోకుండా ఉంటే చాలు.

ఇక అయిదోది. అన్నిటికన్నా పెద్దదీ, ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయనిదీ ఇదే. ఇంట్లోవాళ్లు.

మొదట్లో నేను శవాసనంలో ఉండగా మా అత్తగారు చూసి కంగారుపడిపోయారు. "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? నేల మీద పడిపోయావేం?" అంటూ మంచినీళ్లు తెచ్చారు. మావారు వార్తాపత్రిక చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి "పడుకునే ఉన్నావుగా, పాలవాడికి ఎంతివ్వాలో చెప్పు" అన్నారు. పడుకునే ఉన్నావుగా! భుజంగాసనంలో ఉండగా మా అబ్బాయి వచ్చి, నా మొహం ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, "అమ్మా, నా నల్ల సాక్సులెక్కడ?" అని అడిగాడు. ఇద్దరివీ చెడ్డ మనసులు కావు. మా ఇంట్లో అమ్మ అంటే ఎప్పుడూ తెరిచి ఉండే కొట్టు. కొట్టు కట్టేశారన్న బోర్డు వాళ్లెన్నడూ చూడలేదు.

నేను కేకలెయ్యలేదు, అలగలేదు. భోజనాల దగ్గర అందరూ ఉండగా చెప్పాను: "పొద్దున్న డికాషన్ దిగేదాకా నేను పలకను. ఇల్లు తగలబడితే తప్ప పిలవకండి." మర్నాడు ముగ్గురూ పిలిచారు. నేను పలకలేదు. సాక్సులు దొరికాయి. పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బులు కేలండర్ మీదే రాసి ఉన్నాయి. వారం పది రోజులు ఇలాగే గడిచింది.

ఒకరోజు పొద్దున్న చాప మీద ఉండగా బయట మాటలు వినిపించాయి. మా అబ్బాయి దేనికో పిలవబోతుంటే మా అత్తగారు అడ్డుపడ్డారు. "ఉండరా! మీ అమ్మ చాప మీద ఉంది."

తరవాత కాఫీ తాగుతూ ఆవిడే చెప్పారు. "మా అమ్మ మడి కట్టుకుందంటే మా నాన్నగారంతటివారు కూడా గుమ్మం అవతలే ఆగిపోయేవారమ్మా. ఎనిమిదిమంది పిల్లల మధ్య ఆవిడకి దొరికిన ప్రశాంతత ఆ కాసేపే. ముట్టుకోకండి, మడి, అని అరిచేది. నిజంగా మడి కోసమే అరిచేదో, మా గోల తప్పించుకోవడానికే అరిచేదో!"

మడి మంచిదా చెడ్డదా అన్న వాదంలోకి నేను దిగను. దానివల్ల బాధలు పడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ మా అత్తగారి మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ కాలపు ఇల్లాలు తన చుట్టూ ఒక కంచె వేసుకోవడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. మనకి ఆ కంచే పోయింది. గదులు పెరిగాయి గానీ, ఫోన్లు వచ్చాక ఏ గదిలో ఉన్నా దొరికిపోతున్నాం.

ఇల్లు సర్దుకోలేదా అంటే, సర్దుకోగలదు. ఎవరింట్లోనైనా మగవాళ్లు అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు చూడండి. నలభై ఒక్క రోజులు ఇల్లంతా వేళలు మార్చుకుంటుంది. తెల్లవారుజామునే నీళ్లు సిద్ధం, వంట వేరు, మాట మెత్తన. ఆయన దీక్షని ఇల్లంతా కలిసి మోస్తుంది, గౌరవంగా మోస్తుంది. ఆ గౌరవం మీద నాకేం ఫిర్యాదు లేదు. దాంట్లో వెయ్యోవంతు ఇల్లాలి పావుగంటకీ ఇమ్మంటున్నాను, అంతే.

పతంజలి యోగసూత్రాల్లో సాధనకి అడ్డొచ్చేవి తొమ్మిది చెప్పాడు. రోగం, సందేహం, అజాగ్రత్త వగైరా. మనవాళ్లు చెప్పుకునే బద్ధకం ఆ తొమ్మిదింటిలో ఒక్కటి మాత్రమే. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం చెయ్యాలి, ఎడతెగకుండా చెయ్యాలి, ఆదరంతో చెయ్యాలి అని కూడా ఆయనే చెప్పాడు. మొదటి రెండూ అందరూ చెబుతారు. మూడోదాన్ని మింగేస్తారు. మనం మన పావుగంటని ఆదరంగా చూడకపోతే, "ఏదో కాసేపు కాళ్లూ చేతులూ ఆడిస్తున్నానులెండి" అని మనమే తీసిపారేస్తే, ఇంట్లోవాళ్లు దాన్ని ఎందుకు లెక్కచేస్తారు?

ఇంతకీ ఏం ఒరిగింది అంటారేమో. నేను సన్నబడలేదు. జాకెట్లు బిగుతుగానే ఉన్నాయి. సన్నబడాలంటే నడక కూడా కావాలి, తిండి కూడా చూసుకోవాలి. యోగా అన్ని రోగాలకీ మందనే మాట చచ్చినా నమ్మకండి, డాక్టరిచ్చిన మాత్రలు మానకండి. కానీ నడుం పట్టేయడం బాగా తగ్గింది. సంక్రాంతికి గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టి, చెయ్యి ఊతం లేకుండా లేచాను. అన్నిటికన్నా ముఖ్యం, రోజులో ఒక్కసారైనా నా ఊపిరి నాకు వినపడుతోంది.

కాకినాడలో ఉన్న మా చెల్లెలికి ఫోన్లో ఇదంతా చెబితే, "నీకేమే అక్కా, మీ అత్తగారు కాపలా కాస్తారు. మా ఇంట్లో ఎవరున్నారు?" అంది. మా అత్తగారూ మొదటిరోజే కాపలా కాయలేదు, మంచినీళ్లు పట్టుకొచ్చారు. పది రోజులు పలక్కుండా ఉన్నాకే ఆవిడ కాపలాకి వచ్చారు. ఆ పది రోజులూ ఎవరికి వాళ్లే దాటాలి. మీరూ అంతే. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర చెప్పేయండి. "చేసుకోనా?" అని అడక్కండి, "చేసుకుంటున్నాను" అని చెప్పండి. మొహమాటంగా ఉంటే డాక్టరు చెప్పారనండి, మొదటివారానికి ఆ పేరు పనికొస్తుంది. రేపు పొద్దున్న ఫిల్టర్లో నీళ్లు పోసి, స్టవ్ ఆర్పి, తలుపు దగ్గరగా వేసుకోండి. బయట ఎవరో పిలుస్తారు. సాక్సులో, తాళాలో, కళ్లజోడో. అవి ఎక్కడున్నాయో మీకు తెలుసు. అయినా సరే, ఊపిరి పీల్చుకోండి.